వంటింటి పాట చిన్న వస్తువా? – లొరెట్టా లిన్ పాటలపై ఒక పరిశీలన

కొన్నేళ్ల కిందట మా శాఖ సమావేశంలో ఒక యువ రచయిత్రి తాను కట్టిన పాట వినిపించింది. ఒళ్లో రెండేళ్ల బిడ్డ ఉంది. పాటలో పొయ్యి, పాలగిన్నె, తాగి ఇంటికొచ్చే మగడు, తెల్లవారితే మళ్లీ మొదలయ్యే చాకిరీ ఉన్నాయి. చర్చ ప్రారంభించమని అధ్యక్షులు కోరితే నేను లేచి, “అభివ్యక్తి బాగుంది. కాని వస్తువు చిన్నది. వ్యక్తిగత వేదననుంచి వర్గదృష్టికి ఎదగాలి” అన్నాను. సభలో ఎవరూ కాదనలేదు. ఆమె కూడా కాదనలేదు. బిడ్డ ఏడుపు అందుకుంటే ఎత్తుకొని వరండాలోకి వెళ్లిపోయింది. తరువాతి సమావేశాలలో ఆమె కనిపించలేదు.

నా తీర్పు తప్పని గ్రహించడానికి నాకు చాలాకాలం పట్టింది. గ్రహింపజేసింది సిద్ధాంత గ్రంథమేదీ కాదు. అమెరికాలో బొగ్గుగని కార్మికుని ఇంట పుట్టి, ఆరుగురు పిల్లలను కని, ఆ సంసారాన్నే పాటలుగా కట్టి పాడిన లొరెట్టా లిన్ పాటలు నాకు ఆ పని చేశాయి. 2022 అక్టోబరులో, తొంభయ్యో ఏట ఆమె చనిపోయింది. ఆమె గురించి రాయడమంటే నా విమర్శ గురించి కూడా రాయడమే.

కంట్రీ సంగీతమనగానే మనవారిలో కొందరికి కౌబాయ్ టోపీ, జెండా, చర్చి గుర్తుకొస్తాయి. అభివృద్ధి నిరోధక శక్తులు ఆ సంగీతాన్ని వాడుకున్న మాట నిజమే. కాని పుట్టుకలో అది పేదల పాట. బ్రిటిష్ దీవులనుంచి వలస వచ్చిన నిరుపేదలు అపలేచియన్ కొండలలోకి మోసుకొచ్చిన కథాగేయాలూ, చర్చి కీర్తనలూ, ఆఫ్రికానుంచి బానిసలుగా తేబడినవారి బాంజో, బ్లూస్ బాణీలూ కలిసి అది రూపొందింది. 1927 ఆగస్టులో బ్రిస్టల్ అనే చిన్న పట్టణంలో రాల్ఫ్ పీర్ అనే రికార్డింగు కంపెనీ మనిషి కొండప్రాంతపు గాయకుల పాటలు రికార్డు చేశాడు. ఈ సంగీత చరిత్రకు అది తొలి ఘట్టాలలో ఒకటి. అక్కడ పాడిన కార్టర్ కుటుంబంలో సారాకు చంటిబిడ్డ ఉంది. గిటారు వాయించిన మేబెల్ నిండు గర్భిణి. అంటే, ఈ సంగీతం రికార్డుకెక్కిన తొలినాళ్లలోనే పాటా, పసిబిడ్డా ఒకే గదిలో ఉన్నాయి. పాటల హక్కులు మాత్రం అప్పుడే వ్యాపారి చేతికి పోయాయి. ఈ రెండు విషయాలనూ గుర్తుంచుకుంటే లొరెట్టా జీవితం అర్థమవుతుంది.

ఆమె 1932 ఏప్రిల్‌లో కెంటకీ రాష్ట్రంలో వాన్ లియర్ గనుల సమీపాన బుచర్ హాలో అనే కొండలోయలో పుట్టింది. ఎనిమిదిమంది పిల్లలలో రెండవది. 1948 జనవరిలో పదిహేనో ఏట పెళ్లయింది. ఏడాది తిరగకముందే భర్తతో దేశానికి ఆ చివర, వాషింగ్టన్ రాష్ట్రంలో కెనడా సరిహద్దుకు దగ్గరగా ఉన్న కస్టర్ అనే ఊరు చేరింది. ఇరవైల మొదట్లోకే నలుగురు పిల్లలు. ఇంటిపని కాక బయట కూలిపని కూడా చేసింది. 1953లో భర్త 17 డాలర్లకు హార్మొనీ గిటారు కొనిచ్చాడు. గురువు లేడు. పిల్లలు నిద్రపోయాక దొరికిన పొద్దులో తానే నేర్చుకుంది.

ఇక్కడ ఒక విషయం గమనార్హం. ఆమె ఆత్మకథ 1976లో వచ్చింది. జార్జ్ వెక్సీ అనే పాత్రికేయుడు అక్షరరూపమిచ్చిన ఆ పుస్తకంలోనూ, 1980లో వచ్చిన చలనచిత్రంలోనూ ఆమెకు పెళ్లయిన వయస్సు ఇంకా తక్కువగా చెప్పబడింది. ప్రభుత్వ రికార్డుల ప్రకారం పదిహేనేళ్లని 2012లో పత్రికలు వెల్లడించాయి. దీన్ని పట్టుకొని ఆమె జీవితమంతా కల్పన అన్నవారున్నారు. నాకలా తోచదు. పదిహేనేళ్ల పిల్ల పుట్టింటిని వదిలి దేశం ఆ చివరకు కడుపుతో వెళ్లడంలో ఉన్న క్రూరత్వం చాలదా? బాధను ఇంకా చిన్న వయస్సు చేసి చూపితే తప్ప కొనని మార్కెట్టును ప్రశ్నించాలి.

1960లో ఆమె మొదటి రికార్డు ‘ఐయామ్ ఎ హాంకీ టాంక్ గర్ల్’ వచ్చింది. కట్టిందీ, పాడిందీ ఆమే. విడుదల చేసింది పెద్ద కంపెనీ కాదు. వాంకూవర్‌కు చెందిన కలప వ్యాపారి నార్మ్ బర్లీ ఆమె పాట విని, డబ్బు పెట్టి నడిపించిన జీరో రికార్డ్స్ అనే చిన్న సంస్థ. ప్రచారానికి యంత్రాంగం లేదు. భార్యాభర్తలే రేడియో స్టేషన్లకు రికార్డులు పోస్టు చేశారు. తరువాత కారెక్కి ఊరూరా స్టేషన్ల చుట్టూ తిరిగి, పాట వేయమని అడిగారు. రాత్రిళ్లు కారులోనే పడుకున్నారు. పాట బిల్‌బోర్డ్ పత్రిక కంట్రీ పట్టికలో 14వ స్థానానికి ఎక్కింది. అదే ఏడాది నాష్‌విల్‌లో గ్రాండ్ ఓల్ ఆప్రీ వేదిక మీద పాడింది. పుస్తకాలు సొంతంగా అచ్చు వేసుకొని, సంచీలో మోసుకొని సభలలో అమ్ముకునే మన రచయితలకు ఈ ప్రయాణం కొత్తగా ఉండదు.

ఇక పాటల వస్తువు చూద్దాం. 1970లో వచ్చిన ‘కోల్ మైనర్స్ డాటర్’లో కార్మికుని బతుకు గని లోపలినుంచి కాక ఇంటివైపునుంచి కనిపిస్తుంది. తండ్రి రాత్రి గనిలో, పగలు చేనులో. తల్లి చేతులు బట్టలు ఉతికి ఉతికి నెత్తురోడుతాయి. చలికాలానికి మాత్రమే చెప్పులు. మన విమర్శ ఎక్కువగా కార్మికుణ్ణి గనిముఖం దగ్గరో, గేటు దగ్గరో, జెండా కిందో చూసింది. ఆ కార్మికుడు మర్నాడు మళ్లీ గనిలోకి దిగడానికి అన్నం వండినదెవరు, బట్టలు ఉతికినదెవరు అని ఎక్కువగా అడగలేదు. శ్రమశక్తి రోజూ తిరిగి ఉత్పత్తి కావాలని మార్క్స్ చెప్పిన సూత్రం మనకు కంఠస్థమే. ఆ పునరుత్పత్తి జరిగే స్థలం వంటిల్లు. ఆ వంటింటి పాటను వ్యక్తిగతమని తోసిపుచ్చడం వర్గదృష్టి కాదు. సగం వర్గాన్ని చూడకపోవడం.

అమెరికాలో గర్భనిరోధక మాత్రకు అనుమతి దొరికింది 1960లో, అంటే ఆమె మొదటి రికార్డు వచ్చిన ఏడాదిలోనే. అప్పటికే ఆమె నలుగురు పిల్లల తల్లి. 1964లో కవలలు పుట్టారు. ఆ మాత్ర గురించిన ‘ది పిల్’ పాటను ఆమె 1972లో రికార్డు చేస్తే కంపెనీ మూడేళ్లు బయటికి తీయలేదు. 1975లో విడుదల కాగానే అనేక రేడియో స్టేషన్లు నిషేధించాయి. అయినా కంట్రీ పట్టికలో అయిదో స్థానానికి వచ్చింది. ఏటా పొదిగే కోడిపెట్టలా బతికిన ఇల్లాలు ఇక చాలని మొగుడితో చెప్పడం ఆ పాట సారాంశం. కరపత్రాలు చేరని పల్లెటిళ్లలోకి ఆ మాట పాటగా, నవ్వు పుట్టిస్తూ చేరింది. కోడిపెట్ట పోలికలోని మోటుతనమే దాని బలం. అది కవిసమయంలోనుంచి రాలేదు, పెరట్లోనుంచి వచ్చింది. రూపం వస్తువునుంచి పుట్టాలని మనం పాఠం చెబుతాం. ఇక్కడ అది నిజంగా జరిగింది.

ఆమె పరిమితులను దాచడం నా ఉద్దేశం కాదు. 1966, 1968 నాటి ప్రసిద్ధ పాటలు కొన్నింటిలో ఆమె కోపం భర్తను వదిలి, అతణ్ణి ఆశించిన మరో ఆడదాని మీదికి పోతుంది. 1966లోనే వియత్నాంకు పోయిన సైనికుని భార్య వేదనను పాడింది గాని ఆ యుద్ధం ఎవరికోసమని గట్టిగా నిలదీయలేదు. 2016 ఎన్నికలలో ట్రంప్‌ను బలపరచింది. ఈ వైరుధ్యాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? ఆమె బయటపడిన దారి ఒంటరి దారి. బొగ్గుగనుల నేల మీద పుట్టినా సంఘం ఆమె చేయి పట్టుకోలేదు, మార్కెట్టు పట్టుకుంది. ఒంటరిగా గెలిచినవారికి గెలుపు తమ కష్టంవల్లనే అనిపిస్తుంది. మిగిలినవారూ అలాగే గెలవవచ్చుననిపిస్తుంది. ఇది ఆమె దృక్పథంలోని లోపం. అయితే ఆ లోపంలో ఉద్యమాల వైఫల్యానికి కూడా వాటా లేదా? పైగా రచయిత రాజకీయాభిప్రాయం వేరు, రచనలో నిలిచిన వాస్తవికత వేరు. రాజరిక పక్షపాతి అయిన బాల్జాక్ విషయంలో ఎంగెల్స్ ఈ తేడాను గుర్తించాడు. ఫ్రెంచి నవలాకారునికి ఇచ్చిన ఈ వెసులుబాటు కెంటకీ ఇల్లాలికి ఇవ్వకపోవడం న్యాయం కాదు.

మరొక విషయాన్ని మన రచయితలు ప్రత్యేకంగా గమనించాలి. నాష్‌విల్‌లో ఆమెకు దారి చూపిన విల్‌బర్న్ సోదరుల షూర్ ఫైర్ సంస్థతో ఆమె ఒప్పందం చేసుకుంది. కట్టిన పాటల ప్రచురణ హక్కులు ఆ సంస్థవయ్యాయి. 1970ల తొలి ఏళ్లలో తెగతెంపులు జరిగాయి, వ్యవహారం కోర్టులదాకా వెళ్లింది. పాత పాటల హక్కులు ఆమెకు తిరిగి దక్కలేదు. 1972లో కంట్రీ సంగీత సంఘం ‘ఎంటర్‌టైనర్ ఆఫ్ ది ఇయర్’ గౌరవాన్ని తొలిసారిగా ఒక స్త్రీకి, ఈమెకు, ఇచ్చింది. సరిగా ఆ కాలంనుంచే ఆమె తాను కట్టడం తగ్గించి, ఇతరుల పాటలు ఎక్కువగా పాడసాగింది. కొత్తపాట కడితే ఫలం ఎవరికి పోతుందన్నదే కారణం. తండ్రి తవ్విన బొగ్గు కంపెనీ సొత్తయితే, ఆ తండ్రి మీద కూతురు కట్టిన పాట కూడా కంపెనీ సొత్తే అయింది. కవిగా ఆమె ఎందుకు మూగవోయిందో తెలియాలంటే ప్రేరణ గురించి మాట్లాడితే చాలదు, ఒప్పంద పత్రం చదవాలి.

పిల్లల మాటేమిటి? నాలుగు గోడల మధ్యనుంచి పుట్టిన పాటే ఆమెను ఆ గోడలకు దూరం చేసింది. ఏడాదిలో ఎక్కువ రోజులు బస్సులోనే గడిచాయి. కవలల పెంపకం ఎక్కువగా భర్త మీదా, ఇంటి పనివారి మీదా పడింది. పిల్లల దగ్గర లేకపోయానన్న బాధను, అలసటతో ఆస్పత్రి పాలయిన సంగతిని ఆమె ఆత్మకథలో దాచలేదు. దేశాలు తిరిగిన మగ గాయకుణ్ణి ‘పిల్లలను ఎవరు చూశారు?’ అని అడిగినవారు అరుదు. ఈ ప్రశ్నను ఆడవాళ్లకే దాచిపెట్టిన సమాజం, ఆ తరువాత వారి పాటలో తప్పు చేసిన భావం ఎక్కువగా ఉందని ఫిర్యాదు చేస్తుంది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. దంపుళ్ల పాటలను, తిరగలి పాటలను మనం శ్రామిక గేయాలని సగౌరవంగా సేకరించాం, పరిశోధనలు చేశాం, పాఠ్యపుస్తకాలలో చేర్చాం. వాటిని పాడిన స్త్రీల పేర్లు మాత్రం చాలావరకు మనకు తెలియవు. పేరులేని స్త్రీ రోకలి పట్టుకొని పాడితే జానపద సంపద. పేరున్న స్త్రీ కుక్కరు ముందు నిలబడి రాస్తే వ్యక్తిగత వేదన. ఏమిటీ తర్కం? 1993లో ‘నీలిమేఘాలు’ సంకలనం వచ్చినప్పుడు కూడా ఆ కవిత్వం మీద మనలో కొందరు ఇదే కొలత ప్రయోగించారు. అప్పటికి చాలని కొలత అని తేలిన తరువాత కూడా, మా సమావేశంలో నేను దాన్నే చేతికి తీసుకున్నాను. పైగా నేనా మాట సిద్ధం చేసుకున్న ఆ మధ్యాహ్నం, మా ఇంట్లో వంట చేసి గిన్నెలు కడిగింది నేను కాదు.

కనుక నా మనవి ఇది. ఇంటిచాకిరీ మీది పాటను విమర్శించేటప్పుడు వస్తువు పెద్దదా చిన్నదా అని అడగడం మానుదాం. ఆ పాటలోని కోపం ఎవరి మీదికి పోతున్నది, మధ్యలో ఎక్కడ ఆగిపోతున్నది, ముందుకు పోవడానికి మనం ఏం చేశాం అని అడుగుదాం. సమావేశాలు ఆదివారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకు పెట్టి, రచయిత్రులు రావడంలేదని నివేదికలో రాయడం ఆపుదాం. పిల్లలతో వచ్చేవారికి ఒక గది, ఆ గదిలో వంతులవారీగా ఒక సభ్యుడు – ఇది మన శాఖలకు మించిన ఖర్చు కాదు. పాట అచ్చయినప్పుడు హక్కు కట్టినవారికే ఉంటుందని మొదటి పేజీలో స్పష్టంగా వేద్దాం.

ఆ యువ రచయిత్రి పాట నా దగ్గర లేదు. పల్లవి కూడా గుర్తులేదు. నా అభిప్రాయం మాత్రం ఆనాటి మినిట్స్ పుస్తకంలో భద్రంగా ఉంది. విమర్శ నిలిచి, పాట పోయిన సందర్భాలు మన సంఘాల చరిత్రలో ఇంకెన్ని ఉన్నాయో మిత్రులు తమ తమ పుస్తకాలు తిరగేసి చూడాలని కోరుతున్నాను.