యూనిట్ 9: ధ్వనిముద్రణను విమర్శించడం – ఫ్రాన్స్ బ్రూగెన్ వాయించిన రికార్డర్ కాన్సెర్టోలు

9.0 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• రికార్డర్ అనే వాద్యానికి ఉన్న బలాన్ని, పరిమితిని వివరించగలుగుతారు.
• ఒక ధ్వనిముద్రణలో స్వరకర్త, వాద్యకారుడు, మైకు – ఈ ముగ్గురి పనినీ వేరుచేసి చూడగలుగుతారు.
• "పాత వాద్యాలపై వాయించారు కాబట్టి గొప్పది" అనే వాదాన్ని పరీక్షించగలుగుతారు.

9.1 పరిచయం

సాహిత్య విమర్శకుడి ముందు ఒక పాఠం ఉంటుంది. సంగీత ధ్వనిముద్రణను విమర్శించేవారి ముందు మూడు విషయాలుంటాయి: రాసిన సంగీతం, దాన్ని వాయించిన తీరు, వాయించినదాన్ని మైకు పట్టుకున్న తీరు. మూడింటినీ కలిపి "చాలా బాగుంది" అనేస్తే అది అభిప్రాయం అవుతుంది కాని విమర్శ కాదు.

ఇందుకు ఉదాహరణగా ఒక ప్రసిద్ధ ధ్వనిముద్రణను పరిశీలిద్దాం. డచ్ వాద్యకారుడు ఫ్రాన్స్ బ్రూగెన్ (1934–2014), నికొలౌస్ హార్నొన్‌కూర్ నడిపిన వియన్నా బృందం కొన్‌చెంతుస్ మూజికుస్‌తో కలిసి, 1960లలో టెలిఫంకెన్ సంస్థ కోసం బరోక్ కాన్సెర్టోలు వాయించారు. వాటిలో వివాల్డి, టెలెమన్, నోడోల రచనలు ఉన్నాయి. సుమారు 1600 నుంచి 1750 వరకు సాగిన యూరప్ సంగీత యుగాన్ని బరోక్ అంటారు. ఒక ప్రధాన వాద్యమూ వాద్యబృందమూ మాటకు మాటగా నడిపించే రచన కాన్సెర్టో.

పాశ్చాత్య సంగీతం నేర్చుకోలేదు కాబట్టి తీర్పు చెప్పే అర్హత మనకు లేదని మీరు అనుకోవచ్చు. ఆ సంకోచం అవసరం లేదు. ఏది ఎవరి పనో తెలిస్తే మీ చెవే మీకు ఆధారం అవుతుంది.

9.2 వాద్యం

రికార్డర్ అనగానే టేప్ రికార్డర్ గుర్తుకు రావచ్చు. ఇక్కడ రికార్డర్ అంటే నిలువుగా పట్టుకుని ఊదే చెక్క పిల్లనగ్రోవి. ముందు ఏడు రంధ్రాలు, వెనక బొటనవేలికి ఒకటి ఉంటాయి. మూతి దగ్గర చెక్కబిళ్ళ బిగించి, గాలి పోవడానికి సన్నని దారి వదులుతారు. జాతరలో పిల్లలకు కొనిపెట్టే ఈల పిల్లనగ్రోవిదీ ఇదే సూత్రం.

మన వేణువులో పెదవుల కోణం మార్చి శ్రుతిని సరిచేసుకోవచ్చు. రికార్డర్‌లో గాలిదారి కదలదు. గట్టిగా ఊదితే నాదంతో పాటు శ్రుతి కూడా పైకి పోతుంది. మెల్లగా ఊదితే శ్రుతి దిగిపోతుంది. అంటే నాదాన్ని పెంచి, తగ్గించి భావం పలికించే దారి చాలావరకు మూసుకుపోయినట్టే.

మరి వాద్యకారుడికి మిగిలిందేమిటి? ఒకటి నాలుక, రెండవది కాలం. 1707లో పారిస్‌లో వెలువడిన హొతెతేర్ వాద్యబోధిని "తు", "రు" అనే అక్షరాలతో నాలుకను ఎలా కదపాలో నేర్పుతుంది. మృదంగ విద్యార్థి ముందుగా నోటితో సొల్లు చెప్పుకుని తరువాత దాన్ని చేతికి తెచ్చుకుంటాడు. రికార్డర్‌లో ఆ అక్షరమే గాలితో కలిసి నాదంలోకి వెళ్తుంది. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి.

9.3 స్వరకర్త పని

ఈ పరిమితి స్వరకర్తలకు బాగా తెలుసు. వివాల్డి సి మైనర్ కాన్సెర్టో (ఆర్‌వి 441) వినండి. బృందమంతా కలిసి ఒక భాగాన్ని వాయిస్తుంది. రికార్డర్ ఒంటరిగా మొదలుపెట్టగానే తంత్రీవాద్యాలు పలచబడతాయి. చిన్న గొంతు వినిపించేలా చోటు ఇవ్వడం ఇక్కడ రచనలోనే ఉంది.

టెలెమన్ రికార్డర్‌ను స్వయంగా వాయించగలిగినవాడు. ఆయన సి మేజర్ కాన్సెర్టో నాలుగు భాగాలుగా నడుస్తుంది. అందులో వాద్యం పైస్థాయి స్వరాలకు తరచుగా ఎక్కుతుంది, ఎందుకంటే రికార్డర్ తేటగా మోగేది అక్కడే. నోడో తన 17వ సంపుటిలోని కాన్సెర్టోలను రికార్డర్‌కే పరిమితం చేయలేదు. ఫ్లూట్ పైనా, ఓబో పైనా, గాలితిత్తి వాద్యమైన మ్యూజెట్ పైనా వాయించుకోవచ్చన్నాడు. కాబట్టి "ఈ రచనకు సరైన వాద్యం ఒక్కటే" అనే పట్టుదల ఆ కాలానికే లేదు.

9.4 వాద్యకారుడి పని

బ్రూగెన్ గొప్పతనం ఇక్కడ తెలుస్తుంది. వివాల్డి మొదటి, చివరి భాగాల్లో స్వరాలు ధారగా పరుగెడతాయి. వాటన్నిటినీ ఆయన ఒకే బరువుతో ఊదడు. ప్రతి గుంపులో మొదటి స్వరాన్ని రవ్వంత నిలిపి, మిగిలినవాటిని తేలికగా వదులుతాడు. ముఖ్యమైన స్వరానికి ముందు చిన్న మౌనం ఉంచుతాడు. ఆ మౌనం తరువాత వచ్చిన స్వరం మన చెవికి బలంగా తోస్తుంది. నిజానికి నాదం పెరగలేదు. కాలంలో జరిగిన చిన్న మార్పు బలంలా వినిపించింది.

బృందం కూడా ఇదే భాష మాట్లాడుతుంది. లోహతంత్రులకు బదులు నరపు తంత్రులు, తేలికగా కదిలే కమాను వాడటం వల్ల ప్రతి స్వరమూ పలికిన వెంటనే పలచబడుతుంది. ఆ పలచదనంలోకి రికార్డర్ ప్రవేశిస్తుంది. పాత వాద్యాల వల్ల కలిగిన నిజమైన లాభం ఇదే.

9.5 ఒక అభ్యంతరం

నెమ్మదిగా సాగే భాగాలకు వచ్చేసరికి ఒక చిక్కు ఎదురవుతుంది. దీర్ఘస్వరాన్ని బ్రూగెన్ కంపం లేకుండా మొదలుపెట్టి, మధ్యలో ఉబ్బించి, చివర సన్నగిలనిస్తాడు. గాయకుల నుంచి వచ్చిన అలంకారమే ఇది. ఉబ్బినచోట శ్రుతి కూడా కొద్దిగా కదులుతుంది.

ఆ కదలిక నా దృష్టిలో దోషం కాదు. వాద్యం స్వభావాన్ని దాచకపోవడమే అది. నా అభ్యంతరం వేరు. ప్రతి దీర్ఘస్వరానికీ అదే చికిత్స జరిగితే అది భావం కాకుండా అలవాటుగా మారుతుంది. వివాల్డి లార్గోలో ఈ పద్ధతి ప్రశ్నలా వినిపిస్తుంది. టెలెమన్ ఆండాంటేలో మాత్రం పాట తన దారిన తాను నడవగలిగినప్పుడు కూడా అది అడ్డుపడుతుంది. ఆ తరువాతి వాద్యకారులు చాలామంది ఆయన నుంచి ముందుగా ఈ అలవాటునే అనుకరించారు. గురువు ఆలోచన కంటే గురువు తీరు సులభంగా అంటుకుంటుంది.

9.6 మైకు పని

ఇయర్‌ఫోన్‌లో వింటున్నప్పుడు రికార్డర్ మొత్తం బృందమంత పెద్దదిగా అనిపిస్తుంది. దాని కిందిస్థాయి స్వరాలు సహజంగా బలహీనమైనవి. అవి అంత స్పష్టంగా వినిపిస్తున్నాయంటే ఆ ఘనత మైకుది. ఇది మోసం కాదు, కాని దాన్ని వాద్యకారుడి ఖాతాలో వేయకూడదు. 18వ శతాబ్దపు శ్రోత విన్నది ఇదేనని చెప్పడానికీ వీల్లేదు.

డెన్మార్క్ వాద్యకారిణి మికాలా పెట్రి, ఆధునిక తంత్రీవాద్యాలు వాడే అకాడమీ ఆఫ్ సెయింట్ మార్టిన్ ఇన్ ది ఫీల్డ్స్ బృందంతో ఇలాంటి రచనలను నున్నగా, మెరుపుతో వాయించారు. పాతదనమే కొలమానం అయితే ఆమె ఓడిపోవాలి. వింటే అలా అనిపించదు. కాబట్టి కొలమానం వేరే ఉంది: తన వాద్యం చేయలేనిదాన్ని ఎదుర్కొని వాద్యకారుడు ఏం సాధించాడు? ఈ కొలమానం ప్రకారం బ్రూగెన్ వేగభాగాల్లో సాటిలేనివాడు, నెమ్మది భాగాల్లో కొన్నిచోట్ల తన తీరుకే బందీ.

9.7 సారాంశం

రికార్డర్‌కు నాదబలం తక్కువ. దానికి స్వరకర్త చోటు ఇస్తాడు, వాద్యకారుడు కాలంతో బలం తెస్తాడు, మైకు మిగిలినది పూరిస్తుంది. ఎవరి వాటా వారికి ఇచ్చిన తరువాతే మెచ్చుకోవాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. గట్టిగా ఊదితే రికార్డర్ శ్రుతికి ఏమవుతుంది?
2. నాదం పెంచకుండా ఒక స్వరానికి బలం ఎలా తేవచ్చు?

అభ్యాసం: మీకు నచ్చిన వేణువు కచేరీ ధ్వనిముద్రణను రెండుసార్లు వినండి. మొదటిసారి వేణువును మాత్రమే, రెండవసారి మృదంగంతో దాని సమతూకాన్ని గమనించండి. అందులో మైకు వాటా ఎంతో ఒక పేజీలో రాయండి.