ఛార్జింగ్ రంపానికి గొడ్డలి చదువు

పొలాల్లో మందు కొట్టే పెట్రోల్ పంపుల పక్కన ఛార్జింగ్ పంపులు వచ్చి చేరినట్టే, చెట్లు కోసే పనిలోకి ఛార్జింగ్ రంపం వచ్చింది. తాడు గుంజి స్టార్ట్ చేయనక్కర్లేదు, పొగ లేదు, మోత తక్కువ, చేతికి తేలిక. జనగామ వైపు పొలం గట్ల మీద పెరిగిన సర్కారు తుమ్మ కొట్టేవాళ్లకు, మహబూబాబాద్ వైపు జామాయిల్ కోసేవాళ్లకు, కాపు ఉడిగిన మామిడి తోట తీసేవాళ్లకు, భూపాలపల్లి అడవి అంచు ఊళ్లలో గాలివానకు దారికి అడ్డంగా పడిన మానులను తప్పించేవాళ్లకు ఇది నిజంగా పనికొచ్చే వస్తువు. దీన్ని వద్దనడం నా ఉద్దేశం కాదు. అయితే గొడ్డలి పట్టిన తరాలు చెట్టు కొట్టడంలో సంపాదించుకున్న తెలివిలో ఎక్కువ భాగం మొదటి వేటుకు ముందే ఖర్చయ్యేది. పనిముట్టు మారినంత మాత్రాన ఆ తెలివి అవసరం తగ్గదు. రంపం ఎంత తేలికైతే, ఎంత వేగంగా కోస్తే, ఆ తెలివి అవసరం అంత పెరుగుతుంది.

గండ్రగొడ్డలితో పెద్ద మాను పడగొట్టడం గంటల పని. ఒళ్లు హూనమయ్యే ఆ పనిలో చెట్టు పడకూడని వైపు పడితే దిద్దుకునే దారి ఉండదు. అందుకే అనుభవమున్నవాడు వచ్చీ రాగానే గొడ్డలి ఎత్తడు. చెట్టు చుట్టూ తిరుగుతాడు. మొదలు ఎటు ఒరిగిందో చూసి ఊరుకోడు, కాస్త ఎడంగా నిలబడి కొమ్మల బరువు ఎటు ఎక్కువుందో చూస్తాడు. మొదలు తూర్పుకు ఒరిగి, గుబురంతా పడమటికి పెరిగిన వేపచెట్టు పడమటికే పడవచ్చు. తర్వాత గొడ్డలి వెనక భాగంతో మానును అక్కడక్కడ తట్టి వింటాడు. చేవ గట్టిగా ఉంటే చప్పుడు ఖణేల్‌మంటుంది, లోపల పుచ్చి ఉంటే డొల్లగా పలుకుతుంది. పైన ఎండుకొమ్మ వేలాడుతున్నదా, తేనెపట్టు ఉందా, తీగలు పక్కచెట్టును పట్టుకుని ఉన్నాయా అని తల ఎత్తి వెతుకుతాడు. గాలి ఎటు వీస్తున్నదో గమనిస్తాడు. ఆ తర్వాత కాళ్ల దగ్గరి పొదలు, రాళ్లు తీసేసి, చెట్టు పడే దిక్కుకు వెనక ఏటవాలుగా తాను తప్పుకునే దారి చేసుకుంటాడు. అనుమానముంటే పైకొమ్మకు మోకు కట్టించి, చెట్టు పొడవుకు మించిన దూరం నుంచి ఇద్దరు ముగ్గురి చేత గుంజిస్తాడు. టేకు ఆకు రాల్చిన ఎండకాలంలో ఈ చూపు సులువు. కొమ్మలన్నీ బయటపడి చెట్టు లెక్క తేటగా తెలుస్తుంది.

ఈ నిదానానికి రాతలో దొరికే సాక్ష్యం చాలా పాతది. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడి బృహత్సంహితలో విగ్రహానికి కలప తెచ్చుకునే తీరు చెప్పడానికి ఒక అధ్యాయమే ఉంది. పిడుగుపాటు, సుడిగాలి, నిప్పు, ఏనుగుల వల్ల దెబ్బతిన్న చెట్లను, పక్షుల గూళ్లున్న చెట్లను విడిచిపెట్టమంటుంది. ముందురోజు రాత్రి చెట్టుకు పూజ చేసి, దాన్ని ఆశ్రయించుకున్నవాటిని వేరే చోటికి తరలిపొమ్మని వేడుకోవాలి. తెల్లవారాక తేనె, నెయ్యి పూసిన గొడ్డలితో ఈశాన్యం నుంచి మొదలుపెట్టి ప్రదక్షిణంగా నరకాలి. అది శకున శాస్త్రమే, అందులో ఏ దిక్కుకు పడితే ఏ ఫలమో కూడా ఉంది. ఆ నమ్మకాలను ఈనాడు ఎవరూ ఒప్పుకోనక్కర్లేదు. కానీ పనిగా చూస్తే అందులో రెండు సంగతులు తేలుతున్నాయి. చెట్టును ఎంచుకోవడానికీ కొట్టడానికీ మధ్య ఒక రాత్రి ఎడం ఉంది. మెరుపుకూ గాలికీ విరిగిన చెట్టు మామూలు చెట్టు కాదన్న ఎరుక ఉంది. బీటలు వారిన మాను ఎక్కడ చీలుతుందో చెప్పలేమని ఇప్పటి అడవి పని శిక్షణలో మొదటే నేర్పుతారు.

చెట్టు పడగొట్టే పద్ధతి కూడా గొడ్డలి నాటిదే, యంత్రం కొత్తగా కనిపెట్టింది కాదు. పడాల్సిన వైపు ముందు ఒక గాటు పెట్టి ముక్క తీసేస్తారు. తర్వాత వెనక వైపు నుంచి, గాటు కొస కంటే కొంచెం ఎత్తులో, అడ్డంగా కోసుకొస్తారు. రెండు కోతలూ కలవకూడదు, ప్రాణం నిలిపేది ఈ నియమమే. మధ్యలో కోయకుండా వదిలిన కట్టె తలుపుకు మడతబందులా పనిచేస్తుంది. చెట్టు మెల్లగా ఒరుగుతుంది, పక్కకు తిరగదు, మొదలు మనిషి మీదికి జారదు. కోసే చోట 40 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న మానుకు ముందు గాటు 8 నుంచి 10 సెంటీమీటర్ల లోతు, వదలాల్సిన కట్టె సుమారు 4 సెంటీమీటర్ల మందం ఉండాలి. అంటే అడ్డకొలతలో పదో వంతు. గొడ్డలితో ఆ నాలుగు సెంటీమీటర్లకు చేరేలోపు చెట్టు చాలాసార్లు చెప్పుకుంటుంది. నారలు పటపటమంటాయి, కోత నోరు తెరుస్తుంది, పైకొస కదులుతుంది. చెయిన్ రంపం ఆ దూరాన్ని కొన్ని క్షణాల్లో దాటేస్తుంది. ఆ క్షణాల్లో చూపు చెయిన్ తిరిగే బార్ మీద ఉంటే చెట్టు పైకొస మీద ఉండదు. బాగా ఒరిగిన జామాయిల్‌ను వెనక నుంచి నిదానంగా కోసుకొస్తే ఇంకో ప్రమాదం: కోత పూర్తికాకముందే మాను నిలువునా చీలి, వెనక సగం మనిషి ఎత్తుకు లేచి తన్నుతుంది. దానికి ఎదురుగా నిలబడినవాడికి తప్పుకునే వ్యవధి ఉండదు. అలాంటి చెట్టును వెనక అంచున కొంత కట్టె ఉంచి, మధ్యలో బార్ గుచ్చి కోసి, చివరికి ఆ అంచు తెంపడం నేర్చినవాళ్ల పద్ధతి. నేర్వనివాళ్లు దాని జోలికి పోకపోవడమే మేలు.

రంపం తనంతట తాను తెచ్చే ప్రమాదాలు వేరు. తిరుగుతున్న చెయిన్ బార్ కొసలో పైభాగం దేనికైనా తగిలిందంటే రంపం మొత్తం మొహం మీదికి ఎగిరొస్తుంది. మనిషి ఉలిక్కిపడేంత వ్యవధి కూడా ఇవ్వదు. అందుకే ముందు పిడిని ఎడమచేతి బొటనవేలు చుట్టి పట్టుకోవాలి, భుజం కంటే ఎత్తులో కోయకూడదు, రంపానికి నేరుగా వెనక తల ఉండకూడదు, చేతికి ముందున్న బ్రేకు పని చేస్తున్నదో లేదో రోజూ పని మొదలుపెట్టకముందే చూసుకోవాలి. ఇప్పుడు తక్కువ ధరకు దొరుకుతున్న ఒంటిచేతి బుల్లి రంపాల్లో చాలావాటికి ఈ బ్రేకు ఉండదు. కుడిచేత్తో రంపం, ఎడమచేత్తో కొమ్మ పట్టుకుంటే ఆ ఎడమచేయి చెయిన్‌కు అందే దూరంలోనే ఉంటుంది. నిమ్మ, మామిడి కొమ్మలు కత్తిరించడానికని కొన్న ఈ రంపాలతో నిలువు చెట్లు కొట్టడం ఎంత మాత్రం తగదు. పెట్రోల్ రంపం నడుస్తున్నంతసేపూ గుర్రుమంటూ తానున్నానని చెబుతుంది. బ్యాటరీ రంపం మీట వదిలితే మూగదైపోతుంది, మీట నొక్కితే అప్పటికప్పుడు పూర్తి బలంతో లేస్తుంది. చెయిన్ బిగించేటప్పుడు, ఇరుక్కున్న పొట్టు తీసేటప్పుడు, చేతులు మార్చుకునేటప్పుడు బ్యాటరీ ఊడదీయడం అలవాటు కావాలి. కాళ్లకు వేసుకునే రక్షణ ప్యాంటులోని పొడవాటి నారలు చెయిన్‌కు చుట్టుకుని దాన్ని ఆపుతాయి. అయితే ఎలక్ట్రిక్ మోటారు నెమ్మదిగా తిరిగేటప్పుడు కూడా గట్టిగా గుంజుతుంది కాబట్టి, పెట్రోల్ రంపాన్ని ఆపినంత నమ్మకంగా దీన్ని ఆపుతాయని అనుకోరాదు. అలాగని ఆ ప్యాంటు వద్దని కాదు, దాని మీద భారం వేయొద్దని. చెయిన్‌కు నూనె కూడా తప్పదు. ఛార్జింగ్‌దే కదా అని నూనె పోయకుండా నడిపితే చెయిన్ వేడెక్కి మొద్దుబారుతుంది. మొద్దుబారిన చెయిన్‌ను మనిషి బలం పెట్టి నొక్కుతాడు, నొక్కినప్పుడే జారుతుంది. మన మే నెల ఎండ సంగతి కూడా చెప్పుకోవాలి. చాలా కంపెనీలు 40 డిగ్రీలు దాటితే బ్యాటరీ ఛార్జింగ్ పెట్టొద్దని రాస్తాయి. గట్టు మీద ఎండలో వదిలిన బ్యాటరీని తెచ్చి వెంటనే ఛార్జర్‌కు తగిలించడం మంచిది కాదు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఒంటరితనం. పాత పెద్ద రంపానికి రెండు కొసల ఇద్దరు ఉండి తీరాలి. 1926లో జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ తయారుచేసిన కరెంటు చెయిన్ రంపాన్ని కూడా ఇద్దరు పట్టాల్సి వచ్చేది. మోకు గుంజేవాళ్లు, కేకేసేవాళ్లు, దారినపోయేవాళ్లను ఆపేవాళ్లు, ఇలా చెట్టు కొట్టడమంటే నలుగురి పని. ఛార్జింగ్ రంపం దాన్ని ఒక్కడి పని చేసింది. ఫోన్ సిగ్నల్ అందని అడవి అంచున తొడ తెగినవాడికి గుడ్డ గట్టిగా బిగించి కట్టేవాళ్లు పక్కన లేకపోతే ఎంత మంచి హెల్మెట్ ఉన్నా ఏం లాభం? ఇంకొకరు తోడు ఉండాలి, కోసేటప్పుడు చెట్టు పొడవుకు రెండింతల దూరంలో ఉండాలి. తోడు ఉండాలన్న ఈ ఒక్కదానికి మినహాయింపు ఉండకూడదు.

పాతదాన్ని పొగుడుతున్నానని కొందరు అనవచ్చు. గొడ్డలీ పాదాలు నరికింది, పిడి ఊడి పక్కవాడికి తగిలింది, నడుములు విరిచింది. అది నిజం. రంపంలో గొడ్డలి ఇవ్వలేని మేలు కూడా ఉంది. జామాయిల్, టేకు నరికిన మొదలు నుంచి మళ్లీ చిగురిస్తాయి. బెరడు చీలకుండా, నేలకు దగ్గరగా, నీరు నిలవకుండా కాస్త వాలుగా నున్నగా కోస్తే ఆ చిగురు బలంగా వస్తుంది, ఆ పని పదును రంపం చక్కగా చేస్తుంది. కాబట్టి గొడ్డలికి తిరిగి పొమ్మని ఎవరికీ చెప్పలేం. అడగాల్సింది, గొడ్డలితో పాటు వచ్చిన చూపు రంపం కొన్నవాడికి అందుతున్నదా అని. గొడ్డలి పని తండ్రి పక్కన, మేస్త్రీ పక్కన ఏళ్ల తరబడి చూసి నేర్చేది. రంపం డబ్బాలో వస్తుంది. డబ్బాలోని పుస్తకం తెలుగులో లేకపోతే అది చదవనట్టే.

స్థానికంగా తెలియాల్సినవి ఆ పుస్తకంలో ఎలాగూ ఉండవు. జనగామ ప్రాంతంలో ఎటు చూసినా కనిపించే తాటిచెట్టు సంగతే తీసుకుంటే, దానికి మామూలు మానులా లోపల చేవ, పైన మెత్తదనం ఉండవు. పైపొర ఇనుములా గట్టి, లోపలంతా నార. ఆ నార చెయిన్‌లో చిక్కుకుని రంపాన్ని ఆపేస్తుంది, మధ్యలో వదిలిన కట్టె వేపలో, టేకులో పట్టినట్టు పట్టి ఉంచుతుందన్న నమ్మకం లేదు. తాడు కట్టకుండా తాటిని పడగొట్టకూడదు. కల్లు గీసే చెట్టయితే ఎక్సైజ్ శాఖ అనుమతి లేకుండా అసలు ముట్టుకోకూడదు. కరెంటు తీగల దగ్గరి చెట్టుకు ముందు లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకోవాలి. సరఫరా ఆగిందని తెలిశాకే నిచ్చెన వేయాలి, రంపం బ్యాటరీదైనంత మాత్రాన పచ్చికొమ్మలో కరెంటు పారకుండా ఉండదు. ఇక గాలివాన పడగొట్టిన చెట్లు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో సుడిగాలికి వేల చెట్లు కూలాయి. 2019 దాకా భూపాలపల్లి జిల్లాలో భాగమైన ప్రాంతమది. అలా ఒకదాని మీద ఒకటి పడిన మానులు విల్లులా వంగి బిగిసి ఉంటాయి. నొక్కుకుపోయిన వైపు ముందు కొద్దిగా, సాగిన వైపు తర్వాత కోయాలి. తారుమారైతే బార్ ఇరుక్కుంటుంది, లేదా మాను ఎగిరి కొడుతుంది. వేళ్లతో సహా లేచిన చెట్టును మొదట్లో కోస్తే ఆ వేళ్ల దిమ్మ ఒక్కసారిగా గుంటలోకి తిరగబడుతుంది. గాలికి పడిన చెట్టు చూడ్డానికి పని సగం అయిపోయినట్టుంటుంది. చెట్ల పనిలో నాకు తెలిసి ఇంతకంటే మోసకారి దృశ్యం లేదు.

చెట్లు కొట్టడం నేర్పితే ఇంకా కొడతారు కదా అన్నది గట్టి అభ్యంతరం. మామిడి, చింత, ఇప్ప చెట్ల విలువ తెలిసినవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ సొంతంగా పెంచుకున్న జామాయిల్, పొలాన్ని ఆక్రమించిన సర్కారు తుమ్మ, ఇంటి మీదికి ఒరిగిన ఎండుమాను ఎలాగూ కొట్టబడతాయి. వాటిని కొట్టేవాడి ప్రాణాన్ని ప్రమాదంలో వదిలేస్తే చెట్టు మిగలదు, మనిషీ మిగలడు. 2002 నాటి వాల్టా చట్టం సొంత పట్టా భూమిలోని చెట్టుకు కూడా అనుమతి అడుగుతుంది, కొన్ని రకాలకు మినహాయింపు ఉంది. ఆ అనుమతి కోసం ఆగే రోజులను పీడగా కాక, బృహత్సంహిత పెట్టిన ఆ ఒక్క రాత్రిలా వాడుకోవచ్చు. చెట్టు చుట్టూ తిరగడం నిజంగా అలవాటైనవాడు కొన్ని చెట్ల దగ్గర కొమ్మ తీస్తే చాలని వెనక్కి వస్తాడు కూడా.

చివరి అభ్యంతరం డబ్బుది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. హెల్మెట్, మొహానికి జాలీ, చెవులకు మూత, బూట్లు, ప్యాంటు కలిపితే కూలివాడికి మోయలేని ఖర్చు. పైగా పని గుత్తకు మాట్లాడుకుంటారు, ఎంత తొందరగా పడగొడితే అంత మిగులు. గుత్త ఉన్నచోట చెట్టు చుట్టూ తిరగడం నష్టం కిందే లెక్క. దీనికి దారి మన దగ్గరే ఉంది. 2024 జూలైలో రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కిట్లు ఇచ్చే పథకం ప్రారంభించారు. తాళ్లెక్కే విద్య గౌడలది, మోకు, ముస్తాదు వాళ్లవి. కిట్ ఆ విద్యను తీసేయలేదు, జారితే పట్టుకునే తాడు కలిపింది. వాడకం నేర్పి మరీ ఇచ్చారు. చెట్లు కోసే కూలీలకూ అలాంటి కిట్, అలాంటి శిక్షణ అడగడం న్యాయమే. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాల్లోనూ అటవీ శాఖ ఉంది, కూపుల్లో పనిచేసి తలపండిన మనుషులు ఉన్నారు, వాళ్లనే గురువులుగా పెట్టవచ్చు. ప్రభుత్వం కదిలేదాకా చెట్టు యజమాని చేయగలిగింది కూడా ఉంది: తీగల పక్కది, ఒరిగినది, గాలికి పడినది గుత్తకు ఇవ్వకుండా రోజుకూలికి మాట్లాడుకోవాలి, ఇద్దరికి తక్కువ మందిని పిలవకూడదు, రంపంతో పాటు హెల్మెట్ కూడా తనే తెచ్చి పెట్టాలి.