హెర్నాండెజ్ మీది చంద్రుడు: ఒక ఛాయాచిత్ర పరిశీలనము

ఎడారిసీమలలో ప్రయాణము చేయువారు రాత్రివేళ ఆకాశమును ఛాయాచిత్రములుగా తీయుట నేడు సర్వసాధారణమైనది. అట్టి చిత్రములను చూచినపుడెల్ల ఒక సందేహము కలుగును. ఇందులో ఆకాశమెంత, చిత్రము తీసినవాని చేతిపని యెంత? దీనిని తేల్చుకొనుటకు నేటి చిత్రములకంటె 1941 నాటి చిత్రమొకటి ఎక్కువగా ఉపకరించును. అది అమెరికా ఛాయాగ్రాహకుడు ఆన్సెల్ ఆడమ్స్ తీసిన ‘మూన్‌రైజ్, హెర్నాండెజ్, న్యూ మెక్సికో’.

చిత్రము అడుగుభాగమున ఎడారిపొదలు, మట్టియిండ్లు, ఒక చిన్న చర్చి, దానిచెంత శ్మశానములో తెల్లగా మెరయు శిలువలు ఉన్నవి. దూరమున మంచు పట్టిన పర్వతములు, వాని మీదుగా మేఘముల బారు. ఆపైన సగమునకు మించి నల్లని ఆకాశమే. అందు చంద్రుడు మిక్కిలి చిన్నవాడు.

ఆ సాయంకాలము ఆడమ్స్ తన కుమారునితోను, ఒక మిత్రునితోను చామా లోయనుండి శాంటాఫేకు కారులో తిరిగివచ్చుచుండెను. ఈ దృశ్యము కంటబడగానే కారాపి, 8 అంగుళముల వెడల్పు, 10 అంగుళముల పొడవు గల ఫిల్ము పట్టు పెద్ద కెమెరాను నిలిపెను. తీరా చూడగా వెలుతురును కొలుచు మీటరు కన్పింపలేదు. పడమట సూర్యుడు మేఘములలోనికి దిగుచుండెను. శిలువలమీది వెలుగు ఏ క్షణమున పోవునో తెలియదు. అప్పుడాయనకు చంద్రుని కాంతి చదరపు అడుగునకు 250 కాండిళ్లన్న సంగతి జ్ఞప్తికి వచ్చెను. దానిని బట్టి మనసులోనే లెక్కకట్టి, లెన్సు ద్వారమును 32వ అంకెపై నుంచి, ఒక సెకండుపాటు వెలుతురును లోనికి రానిచ్చెను. రెండవ చిత్రము తీయబోవునంతలో శిలువలమీది వెలుగు పోయెను. మిగిలినది ఒక్క నెగటివు.

ఆ లెక్క ఎట్లు ఫలించినది? చంద్రుడు మన కంటికి వెండిపళ్లెమువలె కన్పించును గాని, వాని నేల నిజమునకు తారురోడ్డువంటి నల్లనిది. తనపై బడిన సూర్యకాంతిలో ఎనిమిదవ వంతు మాత్రమే వెనుకకు పంపును. చంద్రుని ఫొటో తీయుటయు, పట్టపగలు ఎండలోనున్న నల్లరాతిని తీయుటయు లెక్కకు ఒక్కటే. నడిరేయి ఎడారిలో నిలిచిన యాత్రికునకు చిక్కంతయు ఇచటనే వచ్చును. చంద్రునకు తగిన కాలమిచ్చినచో నేల నల్లబడిపోవును. నేలకు తగిన కాలమిచ్చినచో చంద్రుడు మచ్చలేవియు లేని తెల్లని చుక్కయగును. ఆడమ్స్ చిత్రమున రెండును నిలుచుటకు కారణము అది రాత్రి కాకపోవుటయే.

మరి ఆ నల్లని ఆకాశమెక్కడిది? లెన్సు ముందుంచిన పసుపుపచ్చని ఫిల్టరు నీలికాంతిని ఆపి ఆకాశమును కొంత నలుపు చేసెను. మిగిలినది చీకటిగదిలో జరిగిన పని. తొలినాటి ప్రింట్లలో ఆకాశము ఇంత నల్లగా లేదు. పైభాగమున పలుచని మేఘములు కూడ కన్పించును. 1948లో ఆడమ్స్ నెగటివు అడుగుభాగమును రసాయనములతో గట్టిపరచెను. తరువాతి ప్రింట్లలో ఏటేట ఆకాశము నల్లబడి మేఘములు మాయమైనవి. కడపటి ప్రింటు గంభీరమైనదే. నేనును దానియెదుటనే ఎక్కువసేపు నిలువగోరుదును. కాని సాయంకాలపు వెలుతురెట్లుండునో తెలిసికొనగోరువాడు తొలి ప్రింటునే చూడవలెను. పేరు విషయమునను ఒక మాట చెప్పవలసియున్నది. పున్నమికి రెండు దినములు ముందరి చంద్రుడు సూర్యాస్తమయమునకు గంటకు పైగా ముందే ఉదయించును. ఆడమ్స్ కారాపునప్పటికి చంద్రోదయము కడచిపోయినది. ఆయన వెంటబడినది సూర్యుని చివరి వెలుగును.

ఇన్ని మార్పులు చేసినను ఆయన చంద్రుని కదపలేదు, పెంచలేదు. దీని విలువ తరువాత తెలిసివచ్చినది. ఆడమ్స్ తేదీలు వ్రాసికొనువాడు కాడు. ఈ చిత్రమునకు 1940, 1941, 1942, 1944 అని వేర్వేరు తావుల వేర్వేరు సంవత్సరములు పడినవి. ‘యు.ఎస్. కెమెరా’ 1943 వార్షికములో అచ్చయిన చిత్రమును 1944లో తీసిరనుట వింతయే గదా! కొలరాడోకు చెందిన డేవిడ్ ఎల్మోర్ చంద్రుడున్న తావును కొలిచి, ఇది 1941 అక్టోబరు 31 సాయంత్రము సుమారు 4-05కు తీసినదని తేల్చెను. ‘స్కై అండ్ టెలిస్కోప్’ పత్రికకు చెందిన డెనిస్ డి సికో ఆ లెక్కను మరల పరీక్షించి, 1991లో నవంబరు 1, సాయంత్రము 4 గంటల 49 నిమిషముల 20 సెకండ్లని సవరించెను. చంద్రుడు దాదాపు అదే తావునకు మరునాడు ముప్పాతిక గంట ఆలస్యముగా వచ్చునని తెలిసినవారికి ఈ రెండు లెక్కలును ఎందుకింత చేరువగా నున్నవో వెంటనే బోధపడును. పంచాంగము ప్రకారము ఆ 4-49కి సూర్యుడింకను అస్తమింపలేదు.

ఈ పరీక్షకు నేటి ఎడారి చిత్రములు ఎన్ని నిలుచును? 36 మిల్లీమీటర్ల వెడల్పు గల చట్రముపై 24 మిల్లీమీటర్ల లెన్సుతో తీసినచో, అర డిగ్రీ వెడల్పు గల చంద్రుని బింబము మిల్లీమీటరులో అయిదవ వంతే పడును. అనగా చిత్రపు వెడల్పులో సుమారు 170వ వంతు. ఇసుకతిన్నెలన్నియు ఒకే చిత్రమున విశాలముగా పరచుకొని, వాని వెనుక బండిచక్రమంత చంద్రుడు లేచుచున్నచో, అవి రెండు చిత్రములు. పాలపుంతను వేరొక చోట, వేరొక లెన్సుతో తీసి కొండమీద అతికించుటయు కలదు. దానికి శ్రమ కావలెను, నేర్పు కావలెను. అందము కూడ ఉండవచ్చును. కాని దానిలోని చుక్కలనుబట్టి తేదీని లెక్కకట్టిన, ఆ రాత్రి ఆ కొండమీద లేని ఆకాశమే బయటపడును.

ఆడమ్స్ తన చీకటిగది పనిని దాచలేదు. ఏమి చేసినది, ఎందుకు చేసినది తన గ్రంథములలో తానే వివరించెను. నేటి ఎడారి చిత్రముల క్రింద లెన్సు, కాలము, తావు తప్పక వేయుదురు. ఎన్ని చిత్రములను కలిపిరో మాత్రము పలుమారు వేయరు.