నేలకానిన కాలు

ఒంటికాలి మీద నిలబడాలి. రెండో కాలి మడమను చేత్తో పట్టుకుని తలదాకా ఎత్తాలి. అలాగే గిర్రున తిరగాలి. పారిస్ కాంకాన్ నాట్యంలో అదొక విన్యాసం. చిన్నప్పుడు ఆరేళ్లు కూచిపూడి నేర్చుకున్నాను కాబట్టి, ఒంటికాలి మీద కాసేపు నిలవడానికే పిక్క ఎంత వణుకుతుందో నాకు తెలుసు. కాంకాన్ నర్తకి లూయీజ్ వెబెర్ బొమ్మ కనబడితే అందరూ గాల్లోకి లేచిన కాలిని చూస్తారు. నేను నేలకానిన కాలిని చూస్తాను.

ఆమె 1866లో పారిస్ పక్కనే ఉన్న క్లిషీలో పుట్టింది. తల్లిది బట్టలుతికే పని, కూతురూ అందులోకే దిగింది. 1889 అక్టోబరులో ఆమె ఆడిన పారిస్ నాట్యశాల మూలాన్ రూజ్ తలుపులు తెరిచేనాటికి ఆమెకు 23 ఏళ్లు. వచ్చినవాళ్ల గ్లాసులు ఎత్తి గటగటా తాగేసేదని ‘లా గూలూ’ అన్నారు. తిండిపోతు అని అర్థం. ఆ పేరు నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. రోజూ ఒళ్లు హూనం చేసుకుని ఆడిన మనిషికి ఆకలి మీద పేరు పెట్టడమేమిటి?

1891లో తులూజ్ లోట్రెక్ వేసిన ఆమె పోస్టర్ పారిస్ గోడలకెక్కింది. ఆమెతోపాటు చిత్రకారుడి పేరూ ఊరంతా మోగింది. 1895లో ఆమె మూలాన్ రూజ్ వదిలి, తిరునాళ్లలో సొంత డేరా వేసుకుంది. డేరా ముఖానికి బొమ్మలు వేసిపెట్టమని లోట్రెక్‌కు ఉత్తరం రాస్తే, దాదాపు మూడేసి మీటర్ల తెరలు రెండు వేసిచ్చాడు. ఒకదానిలో జతగాడు వాలెంతాన్‌తో ఆడుతోంది. రెండోదానిలో, మనకు వీపు చూపిస్తూ నిలబడ్డ రచయిత ఆస్కార్ వైల్డ్ ఎదుట కాలు విసురుతోంది.

డేరా నిలవలేదు. తర్వాత సింహాలను ఆడించింది. చివరి రోజులు పారిస్ శివారు సెంతువాన్‌లో ఒక బండి ఇంట్లో గడిచాయి. 1929లో పోయింది.

ఆ తెరలను ఒక వ్యాపారి ముక్కలుగా కోసి అమ్మాడు. తర్వాత ముక్కలన్నీ సేకరించి మళ్లీ అతికారు. ఇప్పుడవి పారిస్‌లోని ఆర్సే మ్యూజియంలో ఉన్నాయి. వాటి ముందు చాలాసేపు నిలబడ్డాను. గుడ్డ ముక్కలు దొరికాయి, అతుక్కున్నాయి. కానీ కాలు ఎత్తేముందు ఆమె బరువు మడమ మీద ఉంచేదా, మునివేళ్ల మీదికి తెచ్చేదా? ఊపిరి ఎక్కడ బిగబట్టేది? నాకు నాట్యం నేర్పిన టీచరుగారైతే ముందు అవే అడిగేవారు.