భయం ఎవరికి, నిఘా ఎవరి మీద?
కారంచేడు వైపు నుంచి అణునిరోధ సిద్ధాంతం

మన డిగ్రీ కాలేజీల వక్తృత్వ పోటీల్లో ఎన్నేళ్లనుంచో అరిగిపోతున్న అంశం ఒకటుంది: 'దేశ భద్రతకు అణ్వస్త్రాలు అవసరమా?' అవసరమనే పిల్లలు పాకిస్తాన్, చైనాల పేర్లు చెప్తారు. అక్కర్లేదనేవాళ్లు హిరోషిమా, నాగసాకి చెప్పి, చివర్లో గాంధీని తెచ్చి చప్పట్లు కొట్టించుకుంటారు. ఆ మాట్లాడే పిల్లల్లో మిరప కోతలకీ పత్తి తీతలకీ వెళ్లే ఇళ్ల నుంచి వచ్చిన మాదిగ, మాల, ఎరుకల, యానాది పిల్లలూ ఉంటారు. కానీ ఆ వేదిక మీద ఎవరూ కారంచేడు పేరెత్తరు. చుండూరు పేరెత్తరు. 'దానికీ దీనికీ సంబంధమేమిటి?' అని న్యాయనిర్ణేతలు మార్కులు కోస్తారని భయం. సంబంధం ఉందన్నదే నా వాదన. పైగా ఈ అంశం మీద ఢిల్లీలో పుస్తకాలు రాసినవాళ్లకంటే మన పల్లెలకే ఎక్కువ తెలుసని కూడా నా వాదన.

ముందు ఆ సిద్ధాంతం ఏం చెప్తుందో వాళ్ల మాటల్లోనే చూద్దాం. డిటరెన్స్ అని పండితులు పిలిచేదాన్ని తెలుగులో నిరోధం అంటున్నాం. బాంబు వెయ్యటం దాని ఉద్దేశం కాదట. వేస్తామన్న భయంతో ఎదుటివాడి చేతులు కట్టెయ్యటం. ఇది పనిచెయ్యాలంటే రెండు కావాలి. ఎదురుదెబ్బ కొట్టే శక్తి ఉండాలి. కొట్టి తీరతారన్న నమ్మకం ఎదుటివాడికి కలగాలి. మన రాజ్యం 1974 మే 18న పోఖ్రాన్‌లో మొదటి పేలుడు జరిపింది. 1998 మే 11న, 13న మళ్లీ జరిపింది. 2003 జనవరి 4న తన అణు విధానాన్ని ప్రకటించింది. మేం ముందుగా వాడం. మా మీద వాడితే మాత్రం మా ప్రతీకారం భారీగా, శత్రువు భరించలేనంత నష్టం కలిగించేదిగా ఉంటుంది. క్లుప్తంగా ఇదీ ఆ విధానం. దానికి పెట్టుకున్న పేరు 'నమ్మదగిన కనీస నిరోధం'.

'భారీ ప్రతీకారం' అనే మాట చదివినప్పుడు నాకు గుర్తొచ్చేది రాజస్థాన్ ఎడారి కాదు, కారంచేడు చెరువు. 1985 జూలై 16న మాదిగలు మంచినీళ్లు పట్టుకునే ఆ చెరువు దగ్గర కమ్మ యువకులు గేదెల కుడితి బకెట్లు కడుగుతుంటే ఒక మాదిగ కుర్రాడు వద్దన్నాడు. కొట్టారు. అడ్డం వచ్చిన ఒక మాదిగ స్త్రీ మీదికి వెళితే ఆమె చేతిలో ఉన్న బిందె పైకెత్తింది. జరిగింది అంతే. మర్నాడు, జూలై 17న, వందలమంది మాదిగపల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు. స్త్రీల మీద అత్యాచారాలు చేశారు. మిగిలినవాళ్లు ప్రాణాలు చేతబట్టుకుని చీరాలకి పరిగెత్తారు. ఒక్క బిందెకి ఆరు ప్రాణాలు.

దీన్ని 'ఆవేశంలో జరిగిన ఘర్షణ' అన్నవాళ్లు ఆరోజూ ఉన్నారు, ఇవాళా ఉన్నారు. ఆవేశం అయితే ఆ బిందె ఎత్తిన మనిషి దగ్గర ఆగాలి గదా. పల్లె మొత్తం మీద పడటంలో లెక్క ఉంది. ఆ దెబ్బ పర్చూరులో, ఇంకొల్లులో, డెల్టాలో, మెట్టలో ఉన్న ప్రతి పల్లెకీ చేరాలి. ఇంకో ఊళ్లో ఇంకో స్త్రీ బిందె ఎత్తబోయేముందు ఆమె చెయ్యి ఆగిపోవాలి. అణు పండితులు దీన్నే నిరోధం అంటారు. వాళ్లకది అమెరికా, సోవియట్ యూనియన్ల ప్రచ్ఛన్నయుద్ధంలో పుట్టిన కొత్త శాస్త్రం. మన ఊళ్లకది తాతల నాటి పెత్తనం.

చుండూరులో ఈ లెక్క ఇంకా తేటగా కనిపిస్తుంది. సినిమా హాల్లో ఒక చదువుకున్న దళిత యువకుడి కాలు ముందు సీటువాడికి తగిలిందన్న గొడవ 1991 జూలైలో మొదలైంది. వెంటనే హత్యలు జరగలేదు. ముందు సాంఘిక బహిష్కరణ పెట్టారు. పొలాల్లో పని లేదు. అంతర్జాతీయ రాజకీయాల్లో దీనికి ఆంక్షలని పేరు. 1998 పేలుళ్ల తర్వాత అమెరికా మన దేశం మీద ఆంక్షలు పెట్టినప్పుడు మన పత్రికలు ఎంత అవమానపడ్డాయో గుర్తుందా? ఆ ఆంక్షల వల్ల ఢిల్లీలో ఏ మంత్రి ఇంట్లోనూ పొయ్యి ఆరలేదు. చుండూరు మాలపల్లెలో ఆరింది. నెల తిరిగేసరికి, ఆగస్టు 6న, పోలీసులు ఊళ్లో ఉండగానే ఎనిమిదిమందిని పొలాల్లో వెంటాడి నరికారు. శవాలను గోతాల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్లో వేశారు.

ఇక్కడొక అభ్యంతరం వస్తుంది. దాన్ని దాటేసి పోవటం నిజాయితీ కాదు. 'అణ్వస్త్రాలు ఉండబట్టే 1945 తర్వాత పెద్ద దేశాలు నేరుగా కొట్టుకోలేదు. రెండువైపులా భయం ఉంటే శాంతి ఉంటుంది. మీరు చెప్పే ఊళ్లలో భయం ఒకవైపే ఉంది. కాబట్టి మీ ఉదాహరణ మా సిద్ధాంతాన్ని బలపరుస్తుందేగాని కాదనదు' అంటారు. అసలు మనం మాత్రం భయాన్ని నమ్ముకోలేదా? కారంచేడు తర్వాత దళిత మహాసభ కట్టుకున్నాం, చట్టం అడిగాం. 1989లో వచ్చిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం పేరులోనే నిరోధం ఉంది. చంపితే శిక్ష తప్పదన్న భయం వాళ్లకీ కలగాలని గదా మనం కోరింది? ఔను, కోరాం. ఇప్పటికీ కోరుతున్నాం. భయం అనేదే లేని సమాజం గురించి ఉపన్యసించే తీరిక బాధితులకి ఉండదు.

అయితే ఆ అభ్యంతరాన్ని ఒప్పుకున్నాక అసలు ప్రశ్న మొదలవుతుంది. నిరోధానికి ప్రాణం నమ్మకం అని వాళ్లే అన్నారు. మరి ఈ చట్టాన్ని ఎవరు నమ్మారు? అది 1990 జనవరి 30న అమల్లోకి వచ్చింది. ఏడాదిన్నర తిరిగేసరికే చుండూరు జరిగింది. దళితులు పోరాడి ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. ఆ తీర్పు మీద మళ్లీ సుప్రీంకోర్టుకి వెళ్లాల్సొచ్చింది. కారంచేడు కేసులో సుప్రీంకోర్టు తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది, అంటే 23 ఏళ్లకి. ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్లు. 2018 మార్చి 20న సుప్రీంకోర్టే ఈ చట్టం కింద అరెస్టులకి ముందు అనుమతులు, విచారణలు కావాలంది. ఏప్రిల్ 2న దేశమంతా బంద్ చేసి, ప్రాణాలు పోగొట్టుకుని, పార్లమెంటు చేత దాన్ని సరిచేయించుకున్నాం.

ఇస్లామాబాద్‌లో కూర్చున్నవాడికి తన బెదిరింపు మీద రవ్వంత అనుమానం కలగకూడదని వేలకోట్లు ఖర్చుపెట్టే రాజ్యం, మన ఊరి మోతుబరికి తన చట్టం మీద నమ్మకం కలిగించటానికి ఒక పబ్లిక్ ప్రాసిక్యూటర్ని వేళకి వెయ్యలేకపోతుంది. వక్తృత్వ పోటీల్లో ఇరుపక్షాల పిల్లలూ వదిలేస్తున్నది ఈ తేడానే.

అంబేడ్కర్ దీన్ని ముందే చూశాడు. 1951లో నెహ్రూ మంత్రివర్గానికి రాజీనామా ఇస్తూ ఆయన చేసిన ప్రకటనని మనం హిందూకోడ్ బిల్లు కోసమే చదువుతాం. అందులో విదేశాంగ విధానం మీద కూడా భాగం ఉంది. ఏటా 350 కోట్ల రాబడిలో 180 కోట్లు సైన్యానికే పోతున్నాయని ఆయన లెక్క చెప్పాడు. స్నేహితుల్లేని విధానానికి ఫలితం ఇది అన్నాడు. ఆయన ఆయుధాలే వద్దన్న శాంతివాది కాదు. ఆయనకి ఆ ముద్ర వేసి గాంధీ పక్కన కూర్చోబెట్టే పని మనం చెయ్యకూడదు. ఆయన అడిగింది సొమ్ము ఎటు పోతుందని. పోఖ్రాన్ రెండో పేలుళ్లకి ముందు పంటకాలంలోనే, 1997-98లో, వరంగల్లులోనూ మన గుంటూరు పత్తి నేలల్లోనూ పురుగుమందు తాగిన రైతుల, కౌలుదార్ల వార్తలు రోజూ వచ్చాయి. వాళ్ల భద్రత ఏ పద్దు కిందికి వస్తుందో ఏ భద్రతా నిపుణుడూ రాయలేదు.

ఇక నిఘా సంగతి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు ప్రకాశం నుంచి కారంచేడు, గుంటూరు నుంచి చుండూరు కొత్త బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. గుంటూరు నుంచి స్టువర్టుపురం కూడా వచ్చింది. అదే జిల్లా సముద్రపు ఒడ్డున సూర్యలంకలో వైమానికదళం క్షిపణులు పరీక్షించే కేంద్రం ఉంది. 2023 డిసెంబరులో ఒకే ఆకాశ్ యూనిట్ ఒకేసారి నాలుగు లక్ష్యాలను కూల్చింది అక్కడే. కొరిశపాడు దగ్గర హైవే మీద యుద్ధ విమానాలకి అత్యవసర రన్‌వే కూడా ఉంది. ఆకాశంలో శత్రువును కనిపెట్టే కన్ను ఇక్కడుంది. నేల మీద రాజ్యం కన్ను ఎటు చూసిందో స్టువర్టుపురం చెప్తుంది.

నేరస్త తెగల చట్టం 1871లో పుట్టి, 1911లో మద్రాసు రాష్ట్రానికి విస్తరించింది. ఆ తర్వాత కొద్దికాలానికే సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో బాపట్ల దగ్గర ఎరుకలవాళ్ల కోసం ఈ సెటిల్మెంటు వెలిసింది. పుట్టుకతోనే నేరస్తులు. హాజరు పట్టీలో పేరు, ఊరు దాటాలంటే పాసు. ఉప్పూ ధాన్యమూ గాడిదల మీద వేసుకుని తిరిగే వర్తకం ఎరుకలది. రైళ్లు, ప్రభుత్వ ఉప్పు విధానం ఆ బతుకుతెరువుని ఎట్లా దెబ్బతీశాయో, ఆ తర్వాత వాళ్లకి దొంగలని ఎట్లా పేరుపెట్టారో పరిశోధకురాలు మీనా రాధాకృష్ణ వివరంగా రాశారు. చీరాల పొగాకు కంపెనీకి ఈ సెటిల్మెంటు నుంచి కూలీలు వెళ్లిన సంగతీ ఆమె చెప్పారు. కట్టడి చేసిన మనుషులు చవగ్గా దొరుకుతారు. నిఘాకి ఉండే ఈ ఆర్థిక ప్రయోజనాన్ని అంతర్జాతీయ భద్రత పుస్తకాలు పట్టించుకోవు.

ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. దాని స్థానంలోకి అలవాటుపడ్డ నేరస్తుల చట్టాలు వచ్చాయి. హిస్టరీ షీట్లు పోలీసు స్టేషన్ల బీరువాల్లో అట్లాగే ఉండిపోయాయి. 1991లో 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్' అని సినిమా కూడా తీశారు. ఊరి పేరు చెబితేనే జనం జడుసుకోవాలి! ఆ ఏడాది ఆగస్టులోనే చుండూరు జరిగింది. ఆ పేరుతో ఏ సినిమావాడూ జనాన్ని జడిపించలేదు. ఏ హాజరు పట్టీలోనూ భూస్వాముల ఇంటిపేర్లు ఎక్కలేదు. ఎక్కించమని నేను అడగటంలేదు. ఒక కులాన్ని మొత్తంగా నేరస్త కులమనటం ఎంత నీచమో ఎరుకలవాళ్లని చూశాక మనకి తెలుసు. నేరం ఎటునుంచి వస్తుందో తెలిసి కూడా రాజ్యం అటు చూడదన్నదే నేను చెప్తున్నది.

కోర్టులు ఈ సంగతిని మెల్లగా, చాలా మెల్లగా గమనించాయి. 1962లో ఖరక్‌సింగ్ కేసులో, రాత్రిపూట ఇంటి తలుపు తట్టటం చెల్లదుగాని ఇంటి చుట్టూ రహస్యంగా కాపుకాయటం తప్పుకాదంది సుప్రీంకోర్టు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని తొమ్మిదిమంది జడ్జీలు తేల్చటానికి 2017 ఆగస్టు 24 దాకా పట్టింది. వెనకబడిన కులాల, దళితుల, ఆదివాసుల పేర్లు హిస్టరీ షీట్లలో యాంత్రికంగా ఎక్కించొద్దని ఆ కోర్టు 2024 మేలో చెప్పింది. అదే ఏడాది అక్టోబరు 3న జైళ్లలో కులం ప్రకారం పని పంచటాన్ని కొట్టేస్తూ, విముక్త తెగలని ఇష్టమొచ్చినట్టు అరెస్టు చెయ్యొద్దంది.

ఈలోగా హాజరు పట్టీ ఫోన్లోకి మారింది. భీమా కోరేగావ్ కేసులో ఆనంద్ తేల్‌తుంబ్డే లొంగిపోయిన తేదీ 2020 ఏప్రిల్ 14, అంబేడ్కర్ జయంతి. పెగాసస్ మీద సుప్రీంకోర్టు వేసిన కమిటీ 29 ఫోన్లు చూసి అయిదింట్లో ఏదో దొంగ సాఫ్ట్‌వేర్ ఉందంది, అది పెగాససో కాదో తేల్చలేకపోయింది. ప్రభుత్వం సహకరించలేదని కోర్టే 2022లో చెప్పింది. అంతా దేశ భద్రత! ఇంత చూడగలిగిన యంత్రాంగం రేషన్ షాపు దగ్గరికి వచ్చేసరికి, పొలం పనిలో అరిగిపోయిన ముసలమ్మ వేలిముద్రని గుర్తుపట్టలేక 'రేపు రా' అంటుంది.

మరి చూడాల్సినచోట చూడటానికి చట్టం లేదా అంటే, ఉంది. అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో చేసిన రూల్స్ మన కార్యకర్తల్లో కూడా ఎక్కువమంది చదవరు. మూడో రూలు చూడండి. అత్యాచారాలు జరిగే ప్రాంతాలని ప్రభుత్వం ముందే గుర్తించాలి. అవసరమైతే అక్కడ దళితేతరుల ఆయుధ లైసెన్సులు రద్దుచెయ్యాలి. అక్రమ ఆయుధాలు స్వాధీనం చేసుకోవాలి. అవసరమనుకుంటే దళితులకీ ఆదివాసులకీ లైసెన్సులు ఇవ్వొచ్చు. ఆయుధ నియంత్రణ, బలాల సమతూకం, ముందస్తు హెచ్చరిక అని జెనీవాలో దశాబ్దాలపాటు మాట్లాడుకున్నవన్నీ ఒక్క రూల్లో ఉన్నాయి. పదహారో రూలు ముఖ్యమంత్రి అధ్యక్షతన, పదిహేడో రూలు కలెక్టర్ అధ్యక్షతన విజిలెన్స్ కమిటీలు పెట్టమంది. విజిలెన్స్ అంటే నిఘాయే. ఈసారి చట్టం దాన్ని చూడమన్నది పెత్తందారు వైపు, నిద్రపోయే అధికారి వైపు.

జిల్లా కమిటీ మూడు నెలలకి ఒకసారయినా కూర్చోవాలి. బాపట్ల జిల్లా ఏర్పడిన ఏప్రిల్ 2022 నుంచి ఆ కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది, ఏ ఊళ్లని గుర్తించింది, ఎన్ని లైసెన్సులు చూసింది అన్నది కలెక్టరేట్లో మినిట్స్ పుస్తకంలో ఉండాలి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తుకి రుసుము పది రూపాయలు. వక్తృత్వ పోటీ పెట్టే సార్లు ఈ ఏడాది పిల్లల చేత ముందు ఆ దరఖాస్తు రాయించాలి. జవాబు వచ్చాక పోటీ పెట్టొచ్చు.