ముఖం మీద చెయ్యి వేసే ముందు

మా వీధి చివరింటి అమ్మాయి ఐటీఐలో కాస్మెటాలజీ చదువుతోంది. ఏడాది కోర్సు. ఆఖర్న ఆలిండియా ట్రేడ్ టెస్టు పాసైతే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుంది. ఈ వారమంతా సాయంత్రం పూట పుస్తకం తెచ్చి, "పెద్దమ్మా, నువ్వు అడుగు, నేను చెప్తా" అని మా అరుగు మీద కూర్చుంటోంది. చర్మం పైభాగంలో ఎన్ని పొరలు? అయిదు. పేర్లు? నోరు తిరగని ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పింది. నాకు ఒళ్ళు మండింది.

చేతిపనికి పరీక్ష కాగితం అడ్డం పెట్టొద్దని ఈ కాలమ్‌లో మొదటినుంచీ రాస్తున్నాను. పెడన కలంకారీ అద్దకం గురించి రాసినా, ఇంతేరులో వలలు అల్లేవాళ్ళ గురించి రాసినా నా మాట అదే. పని చెయ్యికి రావాలి, చెయ్యి చూసి నేర్చుకోవాలి.

అలా నేర్చుకున్న మనిషి మా చిన్నప్పటి మంత్రసాని. కృత్తివెన్ను చుట్టుపక్కల పురుళ్ళు పోసేది, పసిపిల్లలకు నీళ్ళు పోసేది, పెళ్ళికూతుళ్ళకు నలుగు పెట్టేది. పెసలు, ఛాయపసుపు, కచ్చూరాలు, బావంచాలు ఎండబెట్టి, తనే దంచి, పలచని గుడ్డలో జల్లించి సున్నిపిండి చేసేది. నలుగుకి ముందురోజు సాయంత్రం పెళ్ళికూతురి మోచేతి మడతలో చిటికెడు పిండి తడిపి రాసి వెళ్ళేది. తెల్లారి వచ్చి ముందు ఆ మడతే చూసేది. దద్దురు లేచిందంటే ఆ పిండి అవతల పెట్టి ఉత్త పెసరపిండి కలిపేది. బావంచాలు పడిన రోజు పిల్లని ఎండలోకి పోనిచ్చేది కాదు, "మచ్చలు కమ్ముతాయే" అనేది. బావంచాల్లో సోరలెన్ అనే పదార్థం ఉంటుంది. అది పడిన చర్మానికి ఎండ సోకితే కమిలి నల్లబడుతుంది. బొల్లికి డాక్టర్లు సోరలెన్ ఇచ్చి వెలుతురు చికిత్స చేసేదీ ఆ గుణం వల్లే. ఆమెకు ఆ పేరు తెలియదు, గుణం తెలుసు. చితికిన మొటిమల ముఖాన్ని అసలు ముట్టుకునేది కాదు.

ఇదంతా చెప్పి, "ఆవిడ ఏ పరీక్ష రాసింది?" అన్నాను. అమ్మాయి పుస్తకం తిప్పి ఒక పాఠం చూపించింది. ఎవరికి ఫేషియల్ చెయ్యకూడదు, ఎవరికి బ్లీచ్ వెయ్యకూడదు, రంగు వేసే ముందు ఎక్కడ రాసి చూడాలి. మంత్రసాని చేసినవన్నీ అందులో ఉన్నాయి. "పొరలు కూడా అందుకే పెద్దమ్మా. రంగు పుట్టించే కణాలు అట్టడుగు పొరలో ఉంటాయి. మందు అక్కడిదాకా దిగి కాలిస్తే మచ్చ ఉండిపోతుంది" అంది.

మంత్రసాని గిన్నెలో ఉన్నదంతా ఆమె దంచినదే. అత్తగారి పక్కన ఏళ్ళ తరబడి కూర్చుని నేర్చింది. ఒక్క పెళ్ళికూతురి ముఖం కమిలినా మళ్ళీ ఏ ఇంటివాళ్ళూ పిలవరు. ఇవాళ సీసాలో ఏముందో చేసే చెయ్యికి తెలియదు. బ్లీచ్‌లో పెరాక్సైడ్, అమ్మోనియా. జుట్టు రంగులో పీపీడీ అనే రసాయనం. తెల్లబడతారని రాసే కొన్ని క్రీముల్లో స్టెరాయిడ్. 2018లో కేంద్రం ఇంకొన్ని స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ మీదే అమ్మాలనే జాబితాలో చేర్చింది. కానీ పార్లర్‌లో ముఖం మీద చెయ్యి వేసే మనిషికి లైసెన్సు ఉండాలనే చట్టం మన దేశంలో లేదు.

లైసెన్సు నిబంధనలు మరీ ఎక్కువైనా అన్యాయమే. అమెరికాలోని టెక్సాస్‌లో దారంతో కనుబొమలు తీసేవాళ్ళను కూడా 750 గంటల శిక్షణ తీసుకుని ఎస్థెటీషియన్ లైసెన్సు తెచ్చుకోమన్నారు. ఆశిష్ పటేల్, మరికొందరు కోర్టుకెళ్ళారు. వాటిలో 320 గంటల దాకా ఆ పనికి సంబంధమే లేనివని తేలింది. 2015 జూన్‌లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 6-3తో వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. దారానికి అన్ని గంటలు అక్కర్లేదు. శుభ్రత మాత్రం దారానికీ కావాలి.

అందుకే ఇన్నాళ్ళ నా వాదాన్ని ఈ ఒక్క పనికి పక్కన పెడుతున్నాను. గోరింటాకుకీ జడలకీ ఏ కాగితమూ వద్దు. రసాయనం పట్టే చెయ్యికి లైసెన్సు ఉండి తీరాలి. ఆ పరీక్ష తెలుగులో జరగాలి. ముందు అడగాల్సిన ప్రశ్న, ఎవరికి చెయ్యకూడదు అన్నది. అది చెప్పలేని మనిషిని, తక్కినవన్నీ ఎంత బాగా అప్పజెప్పినా, పాస్ చెయ్యకూడదు.