లెక్క అడిగిన వర్తకుడు: గాజుల లక్ష్మీనరసు చెట్టి రాజకీయ భాష

గాజుల లక్ష్మీనరసు చెట్టి (1806–1868) జీవితాన్ని రెండు ఖండాలుగా చెప్పడం పరిపాటి. నీలిమందు, బట్టల వ్యాపారంలో ధనార్జన మొదటిది. 1844లో మద్రాసు నుండి వెలువడిన ‘క్రెసెంట్’ ఆంగ్ల పత్రికతో ఆరంభమై, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపన మీదుగా 1863లో శాసనమండలికి చేరిన ప్రజాజీవితం రెండవది. ఆయన రాజకీయ భాషను పరిశీలిస్తే ఈ విభజన నిలవదు. చెట్టి వర్తకుని దృష్టిని విడిచి రాజకీయాలలోకి రాలేదు. ఆ దృష్టితోనే వచ్చాడు.

కంపెనీ చార్టరు పునరుద్ధరణ చర్చకు వస్తున్న సమయాన అసోసియేషన్ పార్లమెంటుకు పంపిన 1852 నాటి విజ్ఞాపన ఇందుకు ముఖ్యాధారం. భూమిశిస్తు భారం, న్యాయస్థానాల జాప్యం, రహదారులు, నీటి వసతులు, విద్య పట్ల ఉపేక్ష దాని ప్రధానాంశాలు. వసూలైనదెంత, ప్రతిగా జనానికి ముట్టినదేమిటన్నదే వీటన్నింటి వెనుక ఉన్న ప్రశ్న. పాలితుడు ఇక్కడ ప్రభువును కరుణ కోరడం లేదు, బాకీ గుర్తుచేస్తున్నాడు.

అయితే ఇదే దృష్టి మరొకచోట ఇరుకైనది. మతం మారినవారికి వారసత్వపు హక్కును నిలిపిన 1850 నాటి చట్టాన్ని చెట్టి వర్గం వ్యతిరేకించింది. మిషనరీల ప్రాబల్యంపై వారి ఆందోళన నిరాధారం కాదు. కానీ కుటుంబపు ఆస్తిని కాపాడే ఆత్రంలో, ఆ కుటుంబం వెలివేసిన వ్యక్తి హక్కు వారికి కనిపించలేదు. రైతు పక్షాన పలికిన గొంతూ, మతాంతరుని వాటాను కాదన్న గొంతూ ఒక్కటే. చరిత్రకారులు మొదటిదాన్ని కీర్తించి రెండవదాన్ని ‘కాలప్రభావం’గా దాటవేయడం సమంజసం కాదు.

ఈ ఆస్తి పరిభాషకు లొంగనిది హింస. పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమూర్ మద్రాసు వచ్చినప్పుడు చెట్టి ఆయనను జిల్లాలకు తీసుకువెళ్లి, శిస్తు కోసం రైతులను పెట్టే బాధలను చూపించాడు. 1854లో ఆ విషయం కామన్స్ సభలో చర్చకు వచ్చింది. ఆ ఏడాదే విచారణ సంఘం ఏర్పడింది. దానికి 1,959 ఫిర్యాదులు అందాయి. రెండు కొయ్యల నడుమ చేతులు నొక్కే ‘కిట్టి’ని తెలుగువారు ‘చిరత’ అంటారని 1855 నాటి నివేదిక నమోదు చేసింది. చెట్టి ఆంగ్లంలో నడిపిన రాజకీయం, ఆంగ్లం రాని రైతు మాటను ఈ విధంగా ప్రభుత్వ పత్రంలోకి చేర్చింది. విజ్ఞాపనలోని శిస్తు లెక్కలలో ఇమడని బాధ ఆ ఒక్క మాటలో ఉంది.